చురుకైన కాపలాకుక్క

పొలము కాచు కుక్క దూడలను తరుముచున్నదనియు, ఎరువునకై కట్టించిన గొఱ్ఱెలమందపై బడుచున్నదనియు పలువురు రైతులు మాతో జెప్పుచుందురు. గొఱ్ఱెపిల్లకు గాటుపడినచో కాపరికి నష్టము, రైతునకు మంద యెరువు నష్టము. తుదకు కుక్క ప్రాణమే పోవును. అయినను దోషము దానిది మాత్రమే కాదు. పరుగెత్తు స్వభావముగల జంతువును పగలెల్ల గొలుసున గట్టి సాయంకాలమున విడిచినచో అది యేమి చేయును?

ఉదయసాయంకాలములందు దానిని వెంటబెట్టుకొని గట్లవెంబడి నడిపింపుడు. పిదప పొడవైన త్రాటితో గట్టి మందకు దూరముగా నిలుపుడు. కదలక కూర్చున్న తక్షణమే జొన్నరొట్టెముక్క నిడుడు. దినదినము కొంచెము దగ్గఱకు జేర్పుడు. ఇంటివారందఱు ఒక పనికి ఒకే మాట వాడవలెను. తరిమి వచ్చిన పిదప కొట్టినచో తన తప్పు దానికి దెలియదు. యజమానుని దరిజేరుటకు మాత్రము జంకును. బాగుగ నేర్చువఱకు మందయొద్ద నొంటరిగా విడువరాదు.

3 నెలల వయస్సున వెఱ్ఱికుక్కరోగపు టీకా వేయించి, ఏటేట మరల వేయింపుడు. ఏ కుక్క కరచినను గాయమును సబ్బుతో, ధారగా బడు నీటితో 15 నిమిషములు కడిగి, వెంటనే ఆసుపత్రికి బోవలెను.

కోడెను కాడికి అలవాటు చేయుటకు మనమెంతయో ఓర్చుకొందుము. ఆ యోర్పునే కుక్కయెడలను జూపుదము.