బేరం నుంచి కానుక దాకా: అమెరికా ‘లేఖా వధువు’ క్రిస్మస్ నవలికల్లో పఠనానందం

వ్యాససంగ్రహం:
పందొమ్మిదో శతాబ్దపు అమెరికా పశ్చిమ ప్రాంతంలో ఉత్తరాల ద్వారా కుదిరిన పెళ్లిళ్లను ఇతివృత్తంగా తీసుకుని, క్రిస్మస్ నేపథ్యంలో సాగే ప్రణయ నవలికలు నేటి ఆంగ్ల జనప్రియ సాహిత్యంలో ఒక ప్రత్యేక శాఖ. ముగింపు ముందే తెలిసిన ఈ కథలు పాఠకులకు ఆనందాన్ని ఎలా కలిగిస్తున్నాయో, ఆ ఆనందం వేటిని మరుగుపరుస్తున్నదో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: లేఖా వధువు, ప్రణయ నవలిక, జనప్రియ సాహిత్యం, పఠనానందం, క్రిస్మస్.

1. ఉపోద్ఘాతం:
జనప్రియ ప్రణయ సాహిత్యాన్ని విమర్శ తరచుగా రెండు మాటలతో పక్కన పెడుతుంది: మూస, పలాయనం. 1960, 70 దశకాల తెలుగు రచయిత్రుల నవలలూ ఈ మాటలు పడ్డాయి. అయితే కథాంతం ముందే తెలియడం ఆస్వాదనకు అడ్డు కాదన్నది మన కావ్యపఠన సంప్రదాయానికి కొత్త విషయం కాదు. నలదమయంతుల కథ తెలిసినవారే ‘శృంగార నైషధం’ చదివారు. కనుక ఇక్కడ పరిశీలించవలసింది ‘ఏం జరుగుతుంది’ అన్నది కాదు, ‘ఎలా జరుగుతుంది’ అన్నది.

ఆంగ్లంలోని ‘మెయిల్ ఆర్డర్ బ్రైడ్’ను ఈ వ్యాసంలో ‘లేఖా వధువు’గా వ్యవహరించడం జరిగింది. ఆంగ్లపదంలో కేటలాగు చూసి తపాలాలో సరుకు తెప్పించుకోవడమనే ధ్వని ఉంది. మాంట్‌గొమరీ వార్డ్ సంస్థ అటువంటి వ్యాపారాన్ని 1872లో ప్రారంభించింది. పెళ్లికూతురిని సరుకుతో సమానం చేసే ఈ పేరే నవలిక పరిష్కరించవలసిన మొదటి చిక్కు.

2. చారిత్రక నేపథ్యం:
కాలిఫోర్నియాలో 1848లో బంగారం బయటపడ్డాక పురుషులు పెద్దసంఖ్యలో పశ్చిమానికి తరలివెళ్లారు. 1850 జనాభా లెక్కల నాటికి అక్కడ ప్రతి పదిమందిలో తొమ్మిదిమందికి పైగా పురుషులే. 1862 నాటి హోమ్‌స్టెడ్ చట్టం ఐదేళ్లు నివసించి సాగుచేసినవారికి 160 ఎకరాల భూమిని ఇచ్చింది. మరోవైపు 1861-65 అంతర్యుద్ధం లక్షలాది పురుషులను బలిగొన్నది. తూర్పు రాష్ట్రాల్లో ఎందరో స్త్రీలకు వివాహావకాశాలు సన్నగిల్లాయి. 1869లో ఖండాంతర రైలుమార్గం పూర్తయ్యాక ఈ రెండు ప్రాంతాల మధ్య ప్రయాణం సులువైంది. ‘మాట్రిమోనియల్ న్యూస్’ వంటి పత్రికల్లో వివాహ ప్రకటనలు వెలువడేవి.

ఈ స్త్రీలందరూ మోసపోయినవారేనన్న అభిప్రాయాన్ని మార్సియా జగ్ తన ‘బయింగ్ ఎ బ్రైడ్’ (2016)లో ప్రశ్నించారు. ఇటువంటి పెళ్లి చాలామంది స్త్రీలకు తమ స్థితిని మెరుగుపరచుకునే మార్గమైందని ఆమె వాదన. నవలికా నాయికకు ఆధారం ఇక్కడే దొరుకుతుంది: ఆమె గతిలేక బయలుదేరినా, తానే నిర్ణయించుకుని బయలుదేరుతుంది.

3. కథానిర్మాణం – తలకిందులైన క్రమం:
ప్రణయ నవలకు ఎనిమిది ఆవశ్యకాంగాలు ఉన్నాయని పమేలా రీజిస్ 2003లో ప్రతిపాదించారు. నాయికా నాయకుల సమాగమం, అవరోధం, ఆకర్షణ, ప్రేమ ప్రకటన, వివాహ నిశ్చయం వాటిలో ముఖ్యమైనవి. లేఖా వధువు నవలికలో ఈ క్రమం తలకిందులవుతుంది. నిశ్చయం మొదటి అధ్యాయంలోనే, ఒక్కోసారి కథకు ముందే, జరిగిపోతుంది. పెళ్లి ముందు, పరిచయం తర్వాత, ప్రేమ చివర.

‘శృంగార నైషధం’లో హంస పలుకులు దమయంతిలో పూర్వరాగాన్ని మేల్కొలుపుతాయి. లేఖా వధువు చేతిలోని ఉత్తరం అటువంటి హంస కాదు. అందులో ఎకరాలు, పశువులు, తల్లిలేని పిల్లలు, పంపిన రైలు టికెట్టు ఉంటాయి. అనురాగం గురించి మాట ఉండదు. ఆ టికెట్టు ఒక రుణం. ‘తెచ్చుకున్నాడు కాబట్టి ఉంటున్నానా? ఉండాలనుకుని ఉంటున్నానా?’ అన్నదే నాయికను వేధించే ప్రశ్న. అందుకే ఇటువంటి కథల్లో పరాకాష్ఠ పెళ్లి కాదు, రెండోసారి ఎంచుకోవడం. భర్త తిరుగు ప్రయాణానికి డబ్బు ఇస్తాడు; ఆమె వెళ్లగలిగీ వెళ్లదు.

ఈ ఎంపికకు పట్రీషియా మెక్‌లాక్లన్ రాసిన ‘సారా, ప్లెయిన్ అండ్ టాల్’ (1985) చక్కని నిదర్శనం. అది క్రిస్మస్ కథ కాదు, బాలల నవలిక. భార్య చనిపోయిన రైతు ఇచ్చిన ప్రకటనకు మెయిన్ రాష్ట్రం నుంచి సారా బదులిస్తుంది. ఒక నెల ఉండి చూస్తానని వస్తుంది. ఒకరోజు బండి తోలుకుంటూ ఒంటరిగా పట్టణానికి వెళ్తుంది. రైలు టికెట్టు కొనడానికే వెళ్లిందని పిల్లలు భయపడతారు. ఆమె రంగు పెన్సిళ్లతో తిరిగి వస్తుంది. పాఠకుల గుండె తేలికపడేది ఆ తిరిగిరాకతోనే.

4. క్రిస్మస్ చేసే పని:
క్రిస్మస్ ఈ నవలికలకు అలంకారం మాత్రమే కాదు, కథను నడిపే యంత్రం కూడా. మంచు దారులను మూసివేసి అపరిచితులైన దంపతులను ఒకే కప్పు కింద ఉంచుతుంది. పండుగ తేదీ కథకు గడువవుతుంది. పన్నెండు నవలికల ‘ట్వెల్వ్ డేస్ ఆఫ్ క్రిస్మస్ మెయిల్-ఆర్డర్ బ్రైడ్స్’ మాలికలో కొలరాడోలోని ఊహాపట్టణం నోయెల్ మనుగడకు రైలుమార్గం కావాలి. అందుకు ఆ ఊరి బ్రహ్మచారులు ఇంటివారు కావాలి. ‘నోయెల్’ అంటే ఫ్రెంచిలో క్రిస్మస్.

అంతకంటే ముఖ్యమైనది కానుక. కుటుంబమంతా చెట్టు చుట్టూ చేరే క్రిస్మస్ కూడా ఈ కథల కాలంలోనే అమెరికాలో స్థిరపడింది. మసాచుసెట్స్‌లో 1659 నుంచి 1681 వరకు ఆ పండుగ జరుపుకొంటే జరిమానా. 1870లో అది సమాఖ్య సెలవుదినమైంది. ధర చెల్లించి తెచ్చుకునేది సరుకు. ధర అడగకుండా ఇచ్చేది కానుక. చేత్తో అల్లిన మేజోళ్లు, చెక్కతో చెక్కిన బొమ్మ చేతులు మారినప్పుడు బేరంగా మొదలైన బంధం కానుకగా మారుతుంది. ‘మెయిల్ ఆర్డర్’ అనే పేరులోని అవమానాన్ని పండుగ ఇలా తుడిచివేస్తుంది. ఈ శాఖ ఇచ్చే ఆనందానికి కీలకం ఇదే.

5. ఆనందానికి హద్దులు:
జానిస్ రాడ్వే ‘రీడింగ్ ది రొమాన్స్’ (1984)లో ప్రణయ నవలలు చదివే స్త్రీలతోనే మాట్లాడి, ఇంటి బాధ్యతల నడుమ తమకంటూ కొంత సమయం మిగుల్చుకోవడానికి వారు చదువుతున్నారని గుర్తించారు. ఆ అవసరాన్ని చులకన చేయనక్కరలేదు. అయితే కథ దాటవేసేవాటిని గుర్తించడమూ పరిశోధకుల బాధ్యతే. నాయకుడి 160 ఎకరాలు అంతకుముందు ఆదివాసీ జాతుల నేల. అవివాహిత, వితంతువు తన పేరునే భూమి కోరగలిగేవారు. భర్తతో ఉన్న స్త్రీకి సాధారణంగా ఆ హక్కు లేదు. 1875 నాటి పేజ్ చట్టం అమలైన తీరు చైనా స్త్రీల రాకను దాదాపు అడ్డుకుంది. జపాన్ నుంచి ఫోటోలు మార్చుకుని వచ్చిన వధువులకు 1920లో ఆ దారి మూసుకుపోయింది. మంచు కురిసిన ఆ వెచ్చని ఇంటి తలుపు అందరికీ తెరుచుకోలేదు.

6. ముగింపు:
లేఖా వధువు క్రిస్మస్ నవలికలో పాఠకుల నిరీక్షణ పెళ్లి కోసం కాదు, పెళ్లి తర్వాత వచ్చే ఇష్టం కోసం. పెద్దలు కుదిర్చిన సంబంధాలు ఎరిగిన తెలుగు పాఠకులకు ‘పెళ్లి ముందు, ప్రేమ తర్వాత’ అన్న క్రమం పరిచితమే. భేదమల్లా ఇక్కడి వధువు తన ఉత్తరం తానే రాసుకుని, వెంట ఎవరూ లేకుండా రైలెక్కడంలో ఉంది. మన జనప్రియ నవలల్లోనూ వివాహానంతర ప్రణయాన్ని పరిశీలించేటప్పుడు ఒక ప్రశ్న వేయవచ్చు: ఆ కథలో నాయికకు ‘వెళ్లగలిగీ ఉండిపోయే’ ఘట్టం ఉన్నదా, లేదా? సర్దుకుపోవడానికీ ప్రేమించడానికీ మధ్య గీత అక్కడే కనిపిస్తుంది.