భాగం 7: బెట్టా చేపకు ఎంత చోటు కావాలి?

విషయక్రమం
7.0 లక్ష్యాలు
7.1 ఉపోద్ఘాతం
7.2 బెట్టా సహజ జీవనం
7.3 నీటి పరిమాణం, అమోనియా
7.4 పిడుగురాళ్ల నీరు, ఎండ
7.5 తొట్టి కొలతలు
7.6 చట్టం ఏమంటుంది?
7.7 సారాంశం
7.8 మాదిరి పరీక్షా ప్రశ్నలు

7.0 లక్ష్యాలు

ఈ భాగం చదివిన తరువాత మీరు:
• బెట్టా చేపకు చిన్న సీసా ఎందుకు సరిపోదో వివరించగలుగుతారు.
• తొట్టిలో పట్టే నీటిని లెక్కగట్టగలుగుతారు.
• మీ ఊరి నీటికి, ఎండకు తగినట్లు తొట్టిని ఏర్పాటు చేయగలుగుతారు.

7.1 ఉపోద్ఘాతం

అలంకరణ చేపల దుకాణానికి వెళితే వరుసగా పేర్చిన చిన్న సీసాలు కనిపిస్తాయి. ఒక్కో సీసాలో ఒక్కో చేప ఉంటుంది. నీలం, ఎరుపు రంగుల్లో పొడవైన రెక్కలతో ఉండే ఈ చేపే బెట్టా. దీనినే ఫైటర్ చేప అని కూడా పిలుస్తారు. పిల్లలు అడిగితే పెద్దలు కొనిస్తారు. ఇంటికి తెచ్చాక కూడా చాలామంది దానిని అదే సీసాలోనో, బల్ల మీద పెట్టుకునే గాజు గిన్నెలోనో ఉంచుతారు. కొన్ని వారాలకు చేప చనిపోతే "దీని ఆయుష్షు ఇంతే" అనుకుంటారు. నిజానికి సరైన వసతి ఉంటే బెట్టా సాధారణంగా 2 నుంచి 4 సంవత్సరాలు బతుకుతుంది. లోపం ఆయుష్షులో లేదు, మనం ఇచ్చిన చోటులో ఉంది.

7.2 బెట్టా సహజ జీవనం

బెట్టా శాస్త్రీయ నామం బెట్టా స్ప్లెండెన్స్. దీని స్వస్థలం థాయిలాండ్, దాని పరిసర ప్రాంతాలు. అక్కడి వరి చేలలో, బురద మడుగుల్లో, నెమ్మదిగా పారే కాలువల్లో ఇది జీవిస్తుంది. థాయిలాండ్ ప్రభుత్వం 2019లో దీనిని జాతీయ జలచరంగా ప్రకటించింది.

బెట్టా మొప్పలతో పాటు తలలోని లేబిరింత్ అనే అవయవంతో కూడా శ్వాసిస్తుంది. నీటి పైకి వచ్చి నోటితో గాలిని తీసుకుంటుంది. మనకు తెలిసిన కొర్రమీను కూడా ఇలాగే గాలి పీలుస్తుంది. అందుకే సంతలో కొద్దిపాటి నీళ్లున్న బేసిన్‌లో కూడా అది గంటల తరబడి ప్రాణంతో ఉంటుంది. అంతమాత్రాన కొర్రమీనును జీవితాంతం బేసిన్‌లో పెంచవచ్చని ఎవరూ అనరు. బెట్టా విషయంలో మాత్రం సరిగ్గా ఈ పొరపాటే జరుగుతోంది. గాలి పీల్చే శక్తి ప్రాణవాయువు కొరతను తట్టుకోవడానికి పనికి వస్తుంది. మురికి నీటిని తట్టుకోవడానికి పనికి రాదు.

"అది వరి మడిలో బతికే చేప, దానికి తక్కువ నీళ్లు చాలు" అనే వాదన కూడా వినిపిస్తుంది. వరి మడిలో నీటి లోతు తక్కువే, కానీ విస్తీర్ణం ఎక్కువ. అక్కడ చేప తిరగగలదు, మొక్కల మధ్య దాగగలదు, మరొక మగ చేప ఎదురైతే తప్పుకుపోగలదు. సీసాలో ఈ మూడూ సాధ్యం కావు.

7.3 నీటి పరిమాణం, అమోనియా

చేప తన శరీరంలోని వ్యర్థాన్ని ప్రధానంగా అమోనియా రూపంలో మొప్పల ద్వారా నీటిలోకి విడుస్తుంది. తినకుండా మిగిలిన మేత కుళ్లినా అమోనియా పుడుతుంది. తొట్టిలోని ఇసుక, రాళ్లు, వడపోత స్పాంజి మీద పెరిగే బాక్టీరియా అమోనియాను మొదట నైట్రైట్‌గా, తరువాత నైట్రేట్‌గా మారుస్తాయి. అమోనియా, నైట్రైట్ రెండూ విషపూరితాలు. నైట్రేట్ వాటితో పోలిస్తే తక్కువ హానికరం. నీటిని కొంత మారిస్తే తగ్గుతుంది. ఈ బాక్టీరియా స్థిరపడడానికి కొన్ని వారాలు పడుతుంది. చిన్న సీసాలో వడపోతకు చోటే ఉండదు కనుక ఈ రక్షణ దాదాపు లేనట్లే.

ఉదాహరణ: లెక్క కోసం ఒక చేప 2 మిల్లీగ్రాముల అమోనియాను విడిచిందనుకుందాం.
• 1 లీటరు సీసాలో గాఢత: లీటరుకు 2 మి.గ్రా.
• 20 లీటర్ల తొట్టిలో గాఢత: లీటరుకు 0.1 మి.గ్రా.

చేప అదే, మేత అదే. విషం గాఢత మాత్రం 20 రెట్లు తేడా. పెద్ద తొట్టి మన పొరపాట్లను కొంతవరకు క్షమిస్తుంది, చిన్న సీసా క్షమించదు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 1
బెట్టా గాలిని పీల్చగలిగినా చిన్న సీసాలో ఎందుకు దెబ్బతింటుంది?

7.4 పిడుగురాళ్ల నీరు, ఎండ

పల్నాడు జిల్లాలోని పిడుగురాళ్ల సున్నపు బట్టీలకు పేరుపొందిన పట్టణం. దానికి లైమ్ సిటీ అనే పేరు కూడా ఉంది. సున్నపురాయి పొరల గుండా ఊరే నీటిలో కాల్షియం లవణాలు కరుగుతాయి. అలాంటి బోరు నీరు కఠినజలం. నీళ్లు కాచే గిన్నె అడుగున పేరుకునే తెల్లని పొర దీనికి గుర్తు. ఇటువంటి నీరు సాధారణంగా క్షారగుణం వైపు మొగ్గుతుంది, అంటే పీహెచ్ 7 కన్నా ఎక్కువగా ఉంటుంది.

అమోనియా నీటిలో రెండు రూపాల్లో ఉంటుంది. అందులో అయాను కాని రూపం ఎక్కువ విషపూరితం. నీటి ఉష్ణోగ్రత 25 డిగ్రీలు ఉన్నప్పుడు, పీహెచ్ 7 వద్ద మొత్తం అమోనియాలో సుమారు 0.5 శాతం మాత్రమే ఈ రూపంలో ఉంటుంది. పీహెచ్ 8 వద్ద అది సుమారు 5 శాతం. అంటే దాదాపు 10 రెట్లు. నీరు వేడెక్కితే ఈ శాతం ఇంకా పెరుగుతుంది.

పై ఉదాహరణలోని 1 లీటరు సీసాను పీహెచ్ 8 నీటితో నింపితే విషరూపం లీటరుకు 0.1 మి.గ్రా. అవుతుంది. 0.05 మి.గ్రా. దాటితేనే మొప్పలకు హాని అని సాధారణంగా పరిగణిస్తారు. 20 లీటర్ల తొట్టిలో అది 0.005 మి.గ్రా. మాత్రమే. కాబట్టి నీరు కఠినంగా, క్షారంగా ఉన్న ఊళ్లలో తొట్టి పెద్దదిగా ఉండడం మరింత అవసరం.

బెట్టాకు 24 నుంచి 28 డిగ్రీల నీరు అనుకూలం. పల్నాడు వేసవిలో పగటి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటడం మామూలే. కిటికీ పక్కన పెట్టిన సీసాలోని కొద్ది నీరు మధ్యాహ్నానికి వేడెక్కి, రాత్రికి చల్లబడుతుంది. నీరు ఎక్కువైతే ఈ మార్పు నెమ్మదిగా జరుగుతుంది.

పాటించవలసిన జాగ్రత్తలు:
• నేరుగా ఎండ తగలని, గాలి ఆడే చోట తొట్టిని ఉంచాలి.
• ఆవిరైన నీటిని నింపితే చాలదు. నీరు ఆవిరైనా లవణాలు తొట్టిలోనే మిగులుతాయి. వారానికి నాలుగో వంతు నీరు తీసి కొత్తది పోయాలి.
• కుళాయి నీటిలోని క్లోరిన్‌ను పోగొట్టే మందు వాడిన తరువాతే పోయాలి.
• ఆర్వో నీటిని ఒక్కదానినే వాడరాదు. అందులో లవణాలు మరీ తక్కువ. బోరు నీటిలో కలపాలనుకుంటే కొద్ది కొద్దిగా, ప్రతిసారీ ఒకే పాళ్లలో కలపాలి. హఠాత్తు మార్పు కన్నా కొంత కఠినమైన నీరే చేపకు నయం.
• అలంకరణ కోసం సున్నపురాయి ముక్కలు వేయరాదు. అవి కరిగి కాఠిన్యాన్ని పెంచుతాయి.

7.5 తొట్టి కొలతలు

ఒక బెట్టాకు కనీసం 10 లీటర్లు, వీలైతే 20 లీటర్లు ఇవ్వడం మంచిది. దీర్ఘచతురస్రాకార తొట్టికి సూత్రం:

పొడవు × వెడల్పు × నీటి ఎత్తు (సెం.మీ.లలో) ÷ 1000 = లీటర్లు

45 సెం.మీ. పొడవు, 25 సెం.మీ. వెడల్పు గల తొట్టిలో 20 సెం.మీ. ఎత్తున నీరు పోస్తే 22.5 లీటర్లు. ఇసుక, రాళ్ల కోసం 10 శాతం తీసివేస్తే సుమారు 20 లీటర్లు మిగులుతాయి. 8 సెం.మీ. వ్యాసం, 15 సెం.మీ. ఎత్తు గల సీసాలో పట్టేది ముప్పావు లీటరే.

లీటర్ల సంఖ్య ఒక్కటే చాలదు, ఆకారమూ ముఖ్యం. బెట్టా అడ్డంగా ఈదుతుంది, గాలి కోసం పదేపదే పైకి వస్తుంది. కాబట్టి ఎత్తైన తొట్టి కన్నా పొడవైన తొట్టి మేలు. నీటి మట్టానికి, మూతకు మధ్య కొన్ని సెంటీమీటర్ల ఖాళీ ఉండాలి. బెట్టా ఎగిరి దూకగలదు కనుక రంధ్రాలున్న మూత తప్పనిసరి. వడపోత ప్రవాహం నెమ్మదిగా ఉండాలి. బరువైన రెక్కలతో అది ఉధృతికి ఎదురీదలేదు. విశ్రాంతికి వెడల్పాటి ఆకుల మొక్కలు ఉంచాలి. రెండు మగ చేపలను ఒకే తొట్టిలో ఉంచరాదు.

కృత్యం: మీ ఇంట్లో గానీ, తెలిసినవారి ఇంట్లో గానీ ఉన్న చేపల పాత్రను కొలిచి, అందులో ఎన్ని లీటర్లు పడుతుందో లెక్కించండి. చేప రెక్కలు ముడుచుకుని ఉందా, అడుగున కదలక పడి ఉందా, మేతకు స్పందిస్తుందా అన్నది గమనించి రాయండి.

7.6 చట్టం ఏమంటుంది?

జంతువుల పట్ల క్రూరత్వ నివారణ చట్టం, 1960 ప్రకారం మనిషి కాని ప్రతి ప్రాణీ జంతువే. సెక్షన్ 11(1)(ఇ) ప్రకారం, జంతువు కదలడానికి తగినంత ఎత్తు, పొడవు, వెడల్పు లేని పంజరంలో గానీ, పాత్రలో గానీ దానిని ఉంచడం క్రూరత్వం కిందకు వస్తుంది. చట్టం లీటర్ల లెక్క చెప్పలేదు. కదిలే అవకాశాన్ని కొలబద్దగా తీసుకుంది. సీసాలోని బెట్టాను చూసినప్పుడు మనం వేసుకోవలసిన మొదటి ప్రశ్న కూడా అదే.

పెంచలేకపోతే చేపను కాలువలోనో, చెరువులోనో వదలరాదు. పెంచగలిగే మరొకరికి అప్పగించాలి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 2
40 సెం.మీ. పొడవు, 20 సెం.మీ. వెడల్పు గల తొట్టిలో 20 సెం.మీ. ఎత్తున నీరు పోస్తే ఎన్ని లీటర్లు?

7.7 సారాంశం

బెట్టా చిన్న సీసాలో కొంతకాలం ప్రాణం నిలుపుకోగలదు, ఆరోగ్యంగా జీవించలేదు. తక్కువ నీటిలో అమోనియా త్వరగా గాఢమవుతుంది, ఉష్ణోగ్రత త్వరగా మారుతుంది. క్షారజలం, ఎండ తీవ్రత ఉన్న పిడుగురాళ్ల వంటి చోట్ల ఈ ప్రమాదం ఎక్కువ. మూత, మొక్కలు, నెమ్మదైన వడపోత గల 20 లీటర్ల తొట్టి, వారం వారం కొంత నీటి మార్పు – ఇవి ఉంటే బెట్టా ఏళ్ల తరబడి ఇంట్లో తిరుగాడుతుంది.

7.8 మాదిరి పరీక్షా ప్రశ్నలు

1. నీటి పీహెచ్‌కు, అమోనియా విషప్రభావానికి గల సంబంధాన్ని వివరించండి.
2. వేసవిలో బెట్టా తొట్టి నిర్వహణలో తీసుకోవలసిన జాగ్రత్తలు రాయండి.
3. "బెట్టాకు తక్కువ నీళ్లు చాలు" అనే అభిప్రాయాన్ని చర్చించండి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – జవాబులు
1. గాలి పీల్చడం ప్రాణవాయువు కొరతను మాత్రమే తీరుస్తుంది. పేరుకునే అమోనియా నుంచి కాపాడదు.
2. 16 లీటర్లు.