షుగర్ సెన్సార్ ఫోన్‌కి కనెక్ట్ చేశారా? రాత్రి అలారం మోగుతుందో లేదో చూసుకోండి!

చేతికి అతికించుకునే షుగర్ సెన్సార్లు ఇప్పుడు మన దగ్గర కూడా వాడుతున్నారు. మాటిమాటికీ వేలికి సూది గుచ్చుకునే పని తగ్గుతుంది, రీడింగ్ నేరుగా ఫోన్‌లో కనిపిస్తుంది. మరి అంత చిన్న బ్యాటరీ రోజుల తరబడి ఎలా వస్తోంది? 2010లో బ్లూటూత్ 4.0తో వచ్చిన 'లో ఎనర్జీ' టెక్నాలజీ వల్ల. ఇయర్‌బడ్స్‌లో పాట వింటుంటే డేటా ఆగకుండా వెళ్తూనే ఉండాలి. సెన్సార్‌కి ఆ అవసరం లేదు. కొన్ని మోడల్స్ 5 నిమిషాలకోసారి లేచి, రీడింగ్ పంపేసి మళ్లీ పడుకుంటాయి.

అసలు చిక్కంతా ఫోన్‌తోనే. షుగర్ 70 కంటే తగ్గితే నిద్రలో ఉన్న మనిషిని లేపాల్సింది ఆ యాప్ అలారమే. కానీ డు నాట్ డిస్టర్బ్ ఆన్‌లో ఉన్నా, బ్యాటరీ సేవర్ యాప్‌ని ఆపేసినా అది మోగకపోవచ్చు. అమెరికా ఎఫ్‌డీఏ 2025 ఫిబ్రవరిలో దీనిపైనే హెచ్చరించింది. అలర్ట్స్ అందక ప్రాణాల మీదకు వచ్చిన కేసులు, మరణాలు కూడా తమ దృష్టికి వచ్చాయని చెప్పింది.

అందుకే యాప్‌కి నోటిఫికేషన్, బ్లూటూత్ పర్మిషన్లు ఇచ్చారో లేదో చూడండి. బ్యాటరీ సేవర్ నుంచి దాన్ని మినహాయించండి. ఫోన్ అప్‌డేట్ అయినా, కొత్త ఇయర్‌ఫోన్స్ కనెక్ట్ చేసినా మళ్లీ చెక్ చేయాల్సిందే. పడుకునేటప్పుడు ఫోన్ పక్క గదిలో ఛార్జింగ్ పెట్టొద్దు, గోడలు అడ్డొస్తే సిగ్నల్ తెగిపోవచ్చు. చెమటలు, వణుకు వస్తున్నా యాప్‌లో నార్మల్ చూపిస్తోందా? యాప్‌ని నమ్ముకోకుండా వెంటనే గ్లూకోమీటర్‌తో చెక్ చేసుకోండి.