బెట్టవేళ ఆకులోని దండోరా

కర్నూలు జిల్లా పత్తికొండ, కడప జిల్లా పులివెందుల ప్రాంతముల ఎర్రనేలలలో వేరుసెనగను వర్షాధారముగా పండింతురు. పైరు పూతమీద ఉండగా వాన మొగము చాటువేసినచో రైతు ఆకాశమువంక చూచును. పైరు మాత్రము ఊరకుండదు. ఆకులమీది పత్రరంధ్రములను మూసికొని ఉన్న నీటిని కాపాడుకొనును. నరములు లేని మొక్క ఈ పనిని ఎట్లు చేయుచున్నది?

ప్రతి పత్రరంధ్రమునకు ఇరువైపుల చిక్కుడుగింజలవంటి రెండు రక్షక కణములు కలవు. ఇవి నీరు నిండి బిగిసినపుడు రంధ్రము తెరచుకొనును. నీరు తగ్గి మెత్తబడినపుడు మూతపడును. కావున రంధ్రము మూయుట యనగా ఈ కణములనుండి నీటిని వెడలించుటయే.

నీటి కొరత ఏర్పడగానే మొక్కలో అబ్సిసిక్ ఆమ్లము అను హార్మోను పెరుగును. 1963లో దీనిని లేత పత్తికాయలనుండి వేరుచేసిరి. కొరత వార్తను మోసికొనివచ్చు మొదటి దూత ఇదియే. దీనిని అందుకొను గ్రాహక ప్రోటీనులను 2009లో గుర్తించిరి. అయితే గ్రాహకమునకు వార్త అందినంత మాత్రమున పని పూర్తికాదు. కచేరి తాఖీదు గ్రామములో ఒకరి చేతికి వచ్చినను, తలారి దండోరా వేసిననే గదా ఊరందరికి తెలియును! కణములో ఇట్లు దండోరా వేయు పదార్థములను ద్వితీయ దూతలందురు.

ఈ భావమునకు మూలపురుషుడు అమెరికా శాస్త్రజ్ఞుడు ఎర్ల్ సదర్లాండ్. అడ్రినలిన్ కాలేయ కణము వెలుపలనే ఆగిపోగా, లోపల ఏ.టి.పి. నుండి చక్రీయ ఏ.ఎం.పి. తయారై పని నడపునని ఆయన కనుగొని, 1971లో నోబెల్ బహుమానము పొందెను. ఆ ఏ.టి.పి.ని 1929లో కండరములనుండి వేరుచేసినవారిలో మన యల్లాప్రగడ సుబ్బారావు ఒకరు.

రక్షక కణములలో ఈ పని చేయు ముఖ్యమైన దూత కాల్షియము. కణద్రవములో ఇది మిక్కిలి స్వల్పము. కణము వెలుపల ఉన్నదానిలో సుమారు పదివేలవ వంతు. ఎక్కువైనచో ఫాస్ఫేటుతో కలిసి గడ్డకట్టి హాని చేయును గనుక, కణము దానిని ఎల్లప్పుడు వెలికి తోడుచుండును. నిశ్శబ్దముగా ఉన్న ఊరిలో చిన్న డప్పు కూడ వినబడినట్లు, కొద్దిపాటి కాల్షియము లోనికి వచ్చినను కణము గుర్తించును. కొన్ని ఎంజైములు దానిని పట్టుకొని మేల్కొని, పొరలోని మార్గములను తెరచును. క్లోరైడు, పొటాషియము అయానులు వెలికిపోవును, వానివెంట నీరు పోవును, రంధ్రము మూతపడును. మూతపడుటకు ముందే కాల్షియము పెరుగునని 1990లో బ్రిటన్ శాస్త్రజ్ఞులు ప్రయోగపూర్వకముగా చూపిరి. కాల్షియముతో నిమిత్తము లేని మరియొక మార్గమున కూడ గ్రాహకము ఇదే పని చేయించును.

రైతు పూతదశలో ఎకరాకు 200 కిలోల జిప్సము వేయుట వేరు సంగతి. ఆ కాల్షియమును ఊడలు, కాయలు నేలనుండి నేరుగా గ్రహించును; అది గింజ నిండుటకు. దూతపనికి కావలసినది అత్యల్పము.

దండోరా వేయుట ఎంత ముఖ్యమో ఆపుట అంత ముఖ్యము. రంధ్రము మూసినచో నీరు మిగులును గాని, బొగ్గుపులుసు వాయువు లోనికి రాదు. ఆకు ఆహారము వండలేదు. అందుచేత వాన పడగానే అబ్సిసిక్ ఆమ్లము తగ్గును. కణము కాల్షియమును తోడివేయును. రంధ్రములు మరల తెరచుకొనును. కొద్ది దినముల బెట్టలో ఈ మూత పైరును బ్రతికించును. వారముల తరబడి సాగినచో అదే పైరును పస్తు పెట్టును. సకాలమున మూసి సకాలమున తెరచు పైరే రాయలసీమకు కావలసిన పైరు.