ఇంజను లేని పందెంలో రెక్క పొడవు

గద్ద రెక్కలాడించకుండా ఆకాశంలో గిరికీలు కొట్టడం మీరు చూచే ఉంటారు. ఎండకు వేడెక్కి పైకి లేచే గాలే దానికి ఆధారం. గ్లైడర్ కూడా అంతే. ఆ గాలిలో తిరుగుతూ ఎత్తు సంపాదించుకొని, ఆ ఎత్తును ఖర్చు పెడుతూ ముందుకు జారుతుంది. పందెంలో నెగ్గాలంటే ఈ ఖర్చు తగ్గాలి.

రెక్క కింద పీడనం ఎక్కువ, పైన తక్కువ. కనుక రెక్క కొసల వద్ద కింది గాలి పైకి మళ్ళి సుడులు తిరుగుతుంది. ఆ సుడులకయ్యే శక్తి గ్లైడర్ ఎత్తులోనుంచే పోతుంది! బరువు, వేగం మార్చకుండా రెక్కల పొడవు రెట్టింపు చేస్తే ఈ నష్టం నాలుగో వంతుకు పడిపోతుంది.

జర్మనీలో తయారై 2000లో మొదట ఎగిరిన 'ఈటా' గ్లైడర్ రెక్కలు ఈ కొస నుంచి ఆ కొసకు దాదాపు 31 మీటర్లు. మీ తరగతి గది ఏడెనిమిది మీటర్లుంటే, అలాంటివి నాలుగు! నిశ్చలమైన గాలిలో కిలోమీటరు ఎత్తు నుంచి సుమారు 70 కి.మీ. జారేలా దాన్ని రూపొందించారు. 15 మీటర్ల రెక్కలున్న మంచి గ్లైడరుకు సుమారు 45 కి.మీ.

మరి ఇంకా పొడిగిస్తే? వేగం పెరిగేకొద్దీ సుడుల నష్టం తగ్గి, గాలి రాపిడి పెరుగుతుంది. రాపిడిని రెక్క పొడవు తగ్గించలేదు. పైగా పొడవైన రెక్క బరువు. చప్పున పక్కకు ఒరగదు. వేడిగాలి ఇరుకుగా లేచే చోట పొట్టి రెక్కలవాడే చురుగ్గా తిరుగుతాడు. అయినా మొత్తం మీద పొడవుదే పైచేయి. అందుకే 15, 18 మీటర్ల వాటికి వేరువేరు పందేలు పెట్టి, పొడవుకు పరిమితి లేనివాటిని 'ఓపెన్' తరగతిలో దించుతారు.