మెరుగు వెనుక గీతలు: అల్యూమినియం చక్రాల రంగు వలిచే శాస్త్రం

కారు అలాయ్ వీల్ మీద కంటికి కనిపించే వెండి ఛాయ చాలా సందర్భాల్లో లోహానిది కాదు, దాని మీది పూతది. కర్మాగారంలో పోత పోసి లేత్ యంత్రం మీద చెక్కిన చక్రాన్ని ముందుగా రసాయన ద్రావణంతో కడిగి, ఆ తర్వాత పొడి రూపంలో ఉన్న ప్రైమరును చల్లి సుమారు 180 డిగ్రీల సెల్సియస్ వేడిలో కాల్చి, దానిమీద సన్నని అల్యూమినియం రేకు తునకలు కలిపిన రంగును, అన్నిటికన్నా పైన క్లియర్ కోట్ అనే పారదర్శకమైన పొరను వేస్తారు. ఇన్ని పొరలూ కలిపినా మందం సాధారణంగా ఒకటి రెండు వందల మైక్రాన్లే. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. ఈ పూతను వలిచి లోపలి లోహాన్నే అద్దంలా మెరిపించడం ఇంటి పెరట్లో చేతి పనిముట్లతో సాధ్యమయ్యే పనే. అయితే అందులో ప్రతి దశకూ రసాయన శాస్త్రమో లోహశాస్త్రమో కాంతి శాస్త్రమో గీసిన హద్దు ఒకటుంది. దాన్ని దాటితే చక్రం అందంతో పాటు బలం కూడా పోతుంది.

చక్రంలోని లోహం

బుగాటీ సంస్థ 1924లో తన టైప్ 35 పందెపు కారుకు పోత అల్యూమినియం చక్రాలు అమర్చిన నాటి నుంచి ఈ లోహానికి వాహన రంగంలో ఆదరణ పెరుగుతూ వచ్చింది. ఇనుము సాంద్రత ఘన సెంటీమీటరుకు 7.87 గ్రాములైతే అల్యూమినియానిది 2.7 గ్రాములే. నేటి పోత చక్రాల్లో విరివిగా వాడే ఏ356 అనే మిశ్రలోహంలో అల్యూమినియంతో పాటు దాదాపు 7 శాతం సిలికాన్, 0.3 శాతానికి అటూ ఇటూగా మెగ్నీషియం ఉంటాయి. కరిగిన లోహం అచ్చులోని సన్నని సందుల్లోకి కూడా సాఫీగా పారడానికి సిలికాన్ తోడ్పడితే, పోత పూర్తయ్యాక జరిపే ఉష్ణోపచారంలో మెగ్నీషియం పాత్ర బయటపడుతుంది. చక్రాన్ని సుమారు 540 డిగ్రీల వద్ద కొన్ని గంటలు ఉంచి, ఒక్కసారిగా నీటిలో చల్లార్చి, మళ్లీ 160 డిగ్రీల ప్రాంతంలో కొన్ని గంటలు వేడి చేసినప్పుడు మెగ్నీషియం, సిలికాన్ కలిసి అతి సూక్ష్మమైన కణాలుగా ఏర్పడి, ఒత్తిడి పడినప్పుడు లోహంలోని పరమాణు వరుసలు జారిపోకుండా అడ్డుకుంటాయి. చక్రం బలమంతా ఆ కణాల పరిమాణం మీద, అమరిక మీద ఆధారపడి ఉంటుంది.

ఈ లోహానికి మరో లక్షణం కూడా ఉంది. కొత్తగా గీరిన అల్యూమినియం గాలి తగిలిన క్షణాల్లోనే ఆక్సిజన్‌తో కలిసి, మీటరులో వంద కోట్ల వంతైన నానోమీటర్లలో కొలిస్తే రెండు నుంచి నాలుగు మాత్రమే మందం ఉండే ఆక్సైడ్ పొరను తొడుక్కుంటుంది. ఇనుప తుప్పులా పొరలుగా రాలిపోకుండా గట్టిగా అంటుకుని ఉండే ఈ పొరే లోపలి లోహానికి సహజ కవచం. ఆమ్ల, క్షార గుణాలను కొలిచే పీహెచ్ విలువ సుమారు 4 నుంచి 9 వరకు ఉన్నంతసేపు ఆ కవచం నిలుస్తుంది. అంతకు మించి పుల్లనైన దానిలోనైనా, క్షారంలోనైనా కరిగిపోతుంది.

పూత ఎందుకు లేస్తుంది

రోడ్డు మీది గులకరాయి తగిలో, ఫుట్‌పాత్ అంచుకు రాసుకునో క్లియర్ కోట్‌కు చిన్న గాటు పడితే తేమ, ఉప్పు లోపలికి దిగుతాయి. అక్కడి నుంచి పూత కింద మిల్లీమీటరు కన్నా సన్నని దారాల్లా తెల్లటి జాడలు పాకుతూ పోతాయి. తంతురూప క్షయం అనే ఈ పరిణామంలో దారం కొన వద్ద ఆక్సిజన్ తక్కువై ద్రవం ఆమ్లంగా మారి లోహాన్ని తొలుచుకుంటూ ముందుకు సాగుతుంది, తోక భాగంలో తెల్లని అల్యూమినియం హైడ్రాక్సైడ్ పేరుకుంటుంది. ఉప్పులోని క్లోరైడు, గాలిలోని తేమ రెండూ దీనికి ఇంధనం కనుక విశాఖపట్నం, కాకినాడ, మచిలీపట్నం వంటి సముద్రతీర పట్టణాల గాలి దీనికి అనువైనది. ఈ స్థితికి వచ్చిన చక్రం మీద కొత్త రంగు వేసినా నిలవదు. క్షయం పట్టిన చోట పాత పూతను పూర్తిగా తీయక తప్పదు.

రంగు వలిచే మార్గాలు

తక్కువ ధరకు దొరుకుతుందని కాస్టిక్ సోడాను, లేదా అది కలిసిన పైపులు శుభ్రం చేసే పొడులను వాడాలన్న ఆలోచన చాలామందికి ముందుగా తోస్తుంది. అల్యూమినియం విషయంలో ఇది పూర్తిగా తప్పు. కాస్టిక్ సోడా ఆక్సైడ్ కవచాన్ని కరిగించి, లోహంతోనే చర్య జరిపి, వేడినీ మండే స్వభావం ఉన్న హైడ్రోజన్ వాయువునూ పుట్టిస్తుంది. కరగకుండా మిగిలిన సిలికాన్ నల్లటి మసిలా ఉపరితలం మీద పేరుకుంటుంది. అల్యూమినియం గిన్నెను చాకలి సోడాతో తోమితే నల్లబడేది కూడా క్షారం వల్లనే.

వేడితో రంగు కాల్చి తీయడం అంతకన్నా ప్రమాదకరం. 160 డిగ్రీల ప్రాంతంలో లెక్కగా పెంచిన సూక్ష్మ కణాలు, 200 డిగ్రీలు దాటిన వేడిలో ఎక్కువ సేపు ఉంటే ఒకదానిలో ఒకటి కలిసి పెద్దవై, సంఖ్యలో తగ్గి, లోహం మెత్తబడుతుంది. పైకి ఏ మార్పూ కనిపించని ఆ చక్రమే తర్వాత గుంతలో పడినప్పుడు వంగిపోవచ్చు. గ్యాస్ మంట, కొలిమి చక్రాల దరిదాపులకు రాకూడదనే నియమానికి మూలం ఇదే.

మిగిలింది ద్రావకాల మార్గం. పెయింట్ రిమూవర్లలో చాలాకాలం ప్రధాన పాత్ర వహించిన డైక్లోరోమీథేన్ అణువు చాలా చిన్నది కావడంతో, అల్లికలా ముడిపడిన రంగు పొరలోకి త్వరగా చొరబడి దాన్ని ఉబ్బిస్తుంది. ఉబ్బిన పొరకు లోహం మీద చోటు చాలక ముడతలు పడి లేచిపోతుంది. అయితే అది దాదాపు 40 డిగ్రీలకే మరిగే ద్రవం కనుక మూసిన గదిలో ఆవిరి వేగంగా నిండుతుంది, పీల్చిన ఆవిరిలో కొంత శరీరంలో కార్బన్ మోనాక్సైడుగా మారుతుంది. మరణాలు సంభవించడంతో అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ ఇంటి వాడకానికి ఉద్దేశించిన ఇటువంటి రిమూవర్ల అమ్మకాన్ని 2019లో నిషేధించింది. దానికి బదులుగా వచ్చిన బెంజైల్ ఆల్కహాల్ ఆధారిత రిమూవర్లు నెమ్మదిగా పనిచేస్తాయి. మందంగా పూసి, త్వరగా ఆరకుండా ప్లాస్టిక్ కాగితం కప్పి గంటల తరబడి వదిలేస్తే పూత మెత్తబడుతుంది. అప్పుడు దాన్ని ప్లాస్టిక్ గరిటతో గీరి, నీటితో బాగా కడగాలి. ఇనుప గరిట లోతైన గాట్లు పెడుతుంది. ఏ రిమూవరుకైనా ఆరుబయలు, రసాయనాలకు తట్టుకునే చేతి తొడుగులు, కళ్లద్దాలు తప్పనిసరి. టైరు రబ్బరుకు కూడా ద్రావకాలు పడవు కాబట్టి టైరును, గాలి వాల్వును ముందే విప్పించుకోవడం మేలు.

గరుకు నుంచి నునుపుకు

రంగు పోయాక బయటపడే పోత ఉపరితలం బూడిద రంగులో, గరుకుగా ఉంటుంది. దాన్ని నునుపు చేసేది వాటర్ పేపర్. దాని వెనుక అచ్చువేసిన అంకె పెరిగేకొద్దీ రాపిడి రేణువు చిన్నదవుతుంది: ఐరోపా ప్రమాణం ప్రకారం పీ 240 కాగితం మీద రేణువు సగటున సుమారు 58 మైక్రాన్లు, పీ 400 మీద 35, పీ 1000 మీద 18, పీ 2000 మీద 10. ప్రతి కాగితమూ రెండు పనులు చేస్తుంది: ముందటి కాగితం గీసిన గాడులను చెరుపుతుంది, తనవైన సన్నని గాడులను గీస్తుంది. అందుకే దున్నిన చేను మీద గుంటక అడ్డంగా తోలినట్టు, ప్రతి కొత్త కాగితాన్నీ ముందటి గీతలకు అడ్డంగా నడపాలి. పాత దిక్కులో ఒక్క గీత కూడా కనిపించనప్పుడే తర్వాతి కాగితానికి వెళ్లాలి. 240 తర్వాత తొందరపడి 1000 అందుకుంటే, 240 వదిలిన లోతైన గాడులు అలాగే మిగిలి, మెరుగు పెట్టాక మరింత స్పష్టంగా కనిపిస్తాయి. కాగితాన్ని నీటిలో తడుపుతూ రుద్దితే రాలిన పొడి కొట్టుకుపోయి, రేణువుల మధ్య సందులు పూడిపోకుండా ఉంటాయి.

చక్రంలో ముట్టుకోకూడని చోట్లు కొన్ని ఉన్నాయి. టైరు అంచు కూర్చునే వలయం, నట్లు బిగిసే గుంటలు, హబ్‌కు ఆనుకునే చదునైన ముఖం కొలతలకు తగ్గట్టు చెక్కినవి; అక్కడ కాగితం నడిపితే గాలి కారడం, నట్లు వదులవడం వంటి ఇబ్బందులు మొదలవుతాయి. రుద్దే సమయంలో ఎక్కడైనా పగులు కనిపిస్తే, ఆ చక్రం వాడకానికి పనికిరాదని తేల్చుకోవాలి.

మెరుపు అంటే ఏమిటి

మెరుగు పెట్టడమంటే గీతలను కంటికి కనిపించనంత చిన్నవి చేయడమేనని ఐజాక్ న్యూటన్ 1704లో వెలువడిన ‘ఆప్టిక్స్’ గ్రంథంలో వివరించాడు. ఇరవయ్యో శతాబ్దపు తొలి దశాబ్దాల్లో జార్జి బీల్బీ అనే శాస్త్రవేత్త దీనికి భిన్నంగా, రాపిడికి లోహపు పైపొర ద్రవంలా పారి గాడులను పూడుస్తుందని వాదించాడు. 1937లో బౌడెన్, హ్యూజెస్ జరిపిన ప్రయోగాలు మెరుగుపెట్టే పదార్థపు కాఠిన్యం కన్నా ద్రవీభవన స్థానమే ముఖ్యమని చూపి ఆ వాదానికి బలమిచ్చినా, తర్వాతి సూక్ష్మదర్శిని పరిశీలనల్లో మెరుగులో ప్రధాన భాగం అతి సన్నని కోతేనని తేలింది. న్యూటన్ ఊహ చాలావరకు నిలిచిందన్నమాట. కంటికి కనిపించే కాంతి తరంగదైర్ఘ్యం 400 నుంచి 700 నానోమీటర్లు. ఉపరితలంలోని ఎత్తుపల్లాలు అందులో పదో వంతు కన్నా తగ్గితే కాంతి చెదరకుండా ఒకే దిక్కుకు మళ్లుతుంది, ప్రతిబింబం ఏర్పడుతుంది. వాటర్ పేపర్ అంత దూరం తీసుకుపోలేదు. బఫింగ్ చక్రానికి గుడ్డ తొడిగి, అతి సూక్ష్మమైన అల్యూమినా రేణువులున్న పాలిషింగ్ సబ్బుతో ఆ చివరి మెట్టు ఎక్కాలి. గుడ్డ నల్లబడటం చూసి రంగు మిగిలిందని భ్రమపడనక్కరలేదు. అంత సన్నని అల్యూమినియం పొడి కాంతిని చెదరగొట్టి, పీల్చుకుని నల్లగా కనిపిస్తుంది.

పోత చక్రానికి మెరుపులో ఒక పరిమితి ఉంది. మెత్తని అల్యూమినియం మధ్య గట్టి సిలికాన్ రేణువులు చెదిరి ఉండటం వల్ల, పోతలో చిక్కుకున్న గాలి రంధ్రాలు గుండుసూది మొనల్లా బయటపడటం వల్ల, సాగగొట్టిన అల్యూమినియం చక్రానికి వచ్చేంత స్వచ్ఛమైన అద్దపు మెరుపు దానికి రాదు. ఆ రంధ్రాలను చెరిపెయ్యాలని ఎంత లోతుకు వెళ్లినా కొత్తవి బయటపడుతూనే ఉంటాయి.

పొడితో జాగ్రత్త

ఘన రూపంలో నిప్పు అంటని అల్యూమినియం, సన్నని పొడిగా గాలిలో తేలినప్పుడు పేలుడు పదార్థమవుతుంది. చైనాలోని కున్షాన్ పట్టణంలో కారు చక్రాలకు మెరుగు పెట్టే కర్మాగారంలో 2014 ఆగస్టు 2న జరిగిన ధూళి పేలుడులో మొత్తం 146 మంది ప్రాణాలు కోల్పోయారు. ధూళిని సేకరించే యంత్రం కింద పేరుకున్న అల్యూమినియం పొడి తడిసి, నీటితో జరిపిన చర్య వల్ల వేడెక్కి నిప్పంటుకుందని విచారణ తేల్చింది. ఇంట్లో నాలుగు చక్రాలకు రాలే పొడి ఆ స్థాయిలో ఉండకపోయినా నియమం ఒకటే: ఆరుబయట తడిపి రుద్దడం, మాస్కు ధరించడం, తడి పొడిని మూత బిగించిన డబ్బాలో దాచకపోవడం, ఇనుము అరగదీసిన గ్రైండింగ్ చక్రంతో అల్యూమినియాన్ని అరగదీయకపోవడం. పాత ప్రైమర్లలో సీసం, క్రోమేట్ సమ్మేళనాలు ఉండే అవకాశం ఉన్నందున పాత రంగును పొడిగా రుద్దడం ఊపిరితిత్తులకు కూడా చేటు.

మెరిసిన తర్వాత

మెరుగు పూర్తయిన మరుక్షణం నుంచి ఆక్సైడ్ పొర మళ్లీ మొదలవుతుంది. పొడి గాలిలో అది పలుచగానే ఆగిపోతుంది; ఉప్పు, బ్రేకుల నుంచి రాలే ఇనుప రజను, తేమ తోడైతే మచ్చలుగా మందమెక్కి వెలుగును చెదరగొడుతుంది. పైన మళ్లీ క్లియర్ కోట్ వేస్తే సరిపోతుందనుకోవడానికీ లేదు. పూత పట్టు దొరకడానికి కొంత గరుకుతనమో, రసాయనంతో మార్చిన పైపొరో కావాలి. అద్దంలా నునుపెక్కిన లోహం మీద అది త్వరగా లేచిపోతుంది, మళ్లీ దారపు జాడలు మొదలవుతాయి. మైనపు పూత నీటిని కొన్ని వారాల పాటు దూరంగా ఉంచగలదు, అంతకు మించి ఆశించకూడదు. ఆమ్లం, క్షారం కలిసిన ఘాటైన వీల్ క్లీనర్లు పూతలేని లోహాన్ని ఒక్కసారి కడిగితేనే మసకబరుస్తాయి కనుక పీహెచ్ 7కు దగ్గరగా ఉండే సబ్బు నీరే దానికి తగినది.

కాబట్టి రంగు వలవడానికి ముందు తేల్చుకోవలసింది పనితనం గురించి కన్నా ఆ తర్వాతి సంరక్షణ గురించి. ఎండు వాతావరణంలో అప్పుడప్పుడు బయటికి తీసే కారుకు, నెలకోసారి మైనం పట్టించే ఓపిక ఉన్న యజమానికి పూతలేని అల్యూమినియం నప్పుతుంది. తీరప్రాంతంలో రోజూ తిరిగే వాహనానికి మాత్రం క్షయం పట్టిన పూతను తీయించి, రసాయన శుద్ధి చేయించి, కొత్త రంగు కాల్పించుకోవడమే ఎక్కువ కాలం నిలిచే మార్గం.