వార్తల్లో పదం: పాల మిశ్రమ ఔషధం

మింగిన మందంతా ఒంటికి పట్టదు. నీళ్లలో సరిగా కరగని మందైతే చాలా భాగం వృథాగా బయటికి పోతుంది. మలేరియాకు వాడే లుమెఫాంట్రిన్ అలాంటిదే. అందుకే ఆర్టెమెథర్‌తో కలిపిన ఆ మాత్రల్ని ఆహారంతో గాని పాలతో గాని వేసుకోమంటారు. జ్వరంతో ఒళ్లు కాలిపోతూ ముద్ద సహించని పసివాడు ఏం తింటాడు? మందునే పాల పొడిలాంటి కొవ్వు మిశ్రమంలో కలిపి ఇవ్వాలన్న ఆలోచనకు బలం ఇక్కడే ఉంది. పాలకొవ్వును పేగులోని లైపేజ్ కొవ్వు ఆమ్లాలుగా, మోనోగ్లిజరైడ్లుగా విడగొడుతుంది. అవి పైత్యరసంతో కలిసి అతి సూక్ష్మమైన గుళికలవుతాయి. మందు వాటిలో కరిగి పేగు గోడను చేరుతుంది. ఓజెడ్439 అనే మలేరియా మందు స్ఫటికాలు, పాలు అరిగేకొద్దీ మాయమవడాన్ని ఆస్ట్రేలియాలోని మోనాష్ విశ్వవిద్యాలయ పరిశోధకులు సింక్రోట్రాన్ ఎక్స్‌రేలతో గమనించారు.

మరి మాత్ర వేసుకుని గ్లాసుడు పాలు తాగితే సరిపోదా? లుమెఫాంట్రిన్‌కు సరిపోవచ్చు గాని, దాన్ని అన్ని మందులకూ సూత్రంగా పట్టుకోవడం ప్రమాదం. టెట్రాసైక్లిన్, సిప్రోఫ్లాక్సాసిన్‌లను పాలలోని కాల్షియం పట్టేసి ఒంటికి అందనివ్వదు. పైగా గేదె పాలలో ఉన్నంత కొవ్వు ఆవు పాలలో ఉండదు, నీళ్లు కలిపిన పాల సంగతి చెప్పనే అక్కర్లేదు. కొలత తెలిసిన మిశ్రమం కావాలనడం అందుకే. పాలు పడనివాళ్ల మాటేమిటన్న అభ్యంతరం న్యాయమైనదే. అయితే 2007లో వెలువడిన ఒక అధ్యయనంలో, లుమెఫాంట్రిన్ గరిష్ఠంగా పట్టేదాంట్లో 90 శాతానికి దాదాపు 36 మిల్లీలీటర్ల సోయాపాలు, అంటే 1.2 గ్రాముల కొవ్వు, చాలునని అంచనా వేశారు. అంటే లాక్టోజ్ లేకుండానూ ఈ పని సాగుతుంది.